తుపాను దారిలో బందరు నుంచి బాపట్ల దాకా

హైదరాబాదులో మా గడ్డిఅన్నారానికి సముద్రం దూరమే గానీ తుపాను దూరం కాదు. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం ఆ రాత్రికల్లా హైదరాబాదు మీదికి వచ్చి కుమ్మరించింది. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ వీధుల్లో నడుముల్లోతు నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళు సముద్రం పంపినవేనని మా వీధిలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ అద్దెకుండేవాళ్ళలో, ఇళ్ళు కట్టుకున్నవాళ్ళలో చాలామందిది నల్లగొండ జిల్లా. వాళ్ళ తర్వాత కృష్ణా, గుంటూరు వాళ్ళే ఎక్కువ. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినపడితే చాలు, పది ఇళ్ళలో ఫోన్లు మోగుతాయి. కోత అయిందా? కుప్ప వేశారా? అమ్మని రోడ్డు పక్క ఇంటికి మార్చారా?

2023 డిసెంబరు మొదటివారంలో ఆ ఫోన్లు ఆగలేదు. 3వ తేదీ ఆదివారం తెలంగాణ ఎన్నికల ఓట్ల లెక్కింపు. దిల్‌సుఖ్‌నగర్ అంతా ఫలితాల హడావిడిలో ఉంటే, మా బావ మాత్రం ఫోనులో వాతావరణ పటం పెట్టుకుని కూర్చున్నాడు. మిచౌంగ్ తుపాను చెన్నై ముందు నిలబడి ఆ నగరాన్ని ముంచుతోంది. అక్కణ్ణుంచి తీరం వెంబడే ఉత్తరానికి జరిగి నెల్లూరు, ఒంగోలు దాటుకుని బాపట్ల వైపు వస్తుందని చెబుతున్నారు. బావకి రేపల్లె దగ్గర వాళ్ళ నాన్నగారి ఊళ్ళో మూడెకరాల మాగాణి ఉంది. కౌలుకిచ్చాడు. ఒక ఎకరం కోసి పనల మీద ఉంది, రెండెకరాలు కోతకొచ్చి నిలబడి ఉంది. బందరులో వాళ్ళమ్మ, అంటే మా మేనత్త, కూతురి దగ్గర ఉంటోంది. “ఒరేయ్, రేపు పొద్దున్నే బయల్దేరదాం. నాకు తోడు రా,” అన్నాడు. సోమవారం చీకటితో కారెక్కాం.

బావకి విజయవాడ రోడ్డంటే ఇంటి వసారా కింద లెక్క. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్నన్నాళ్ళూ ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేశాడు. నల్లగొండ బత్తాయి లారీ వచ్చినా, నూజివీడు మామిడి వచ్చినా, డ్రైవరు ముందు దారి సంగతే చెప్పేవాడు: ఎక్కడ నీళ్ళున్నాయి, ఎక్కడ లారీ పడింది, ఎక్కడ ఆపేస్తున్నారు. 2021లో మార్కెట్టుని అక్కణ్ణుంచి కదిలించి బాటసింగారం తరలించాక ఆ కొట్టుతోపాటు బావా అక్కడికే వెళ్ళాడు. పాత మార్కెట్టు స్థలంలో పెద్దాసుపత్రి లేస్తోంది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆ వేళకి ఎప్పుడూ ఉండే గోల ఉంది, విజయవాడ, విజయవాడ అని కేకలు. కానీ బస్సెక్కేవాళ్ళు తక్కువ. ఎక్కేవాళ్ళ మొహాల్లో పండక్కి ఊరెళ్ళే కళ లేదు.

హయత్‌నగర్ దాటాక ముసురు పట్టింది. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట. ఆ దారి గురించి చెప్పేందుకు ఏముంది, తెలుగువాళ్ళలో సగంమందికి కంఠస్థం. నందిగామ దాటాక ఐతవరం దగ్గర మాత్రం బావ బండి నెమ్మది చేశాడు. ఆ ఏడాదే జులైలో మున్నేరు పొంగి అక్కడ జాతీయ రహదారి మీదుగా పారింది. హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచాయి. జులైలో అంత వాన చూసిన ఏడాదిలోనే కృష్ణలో సరైన ప్రవాహం లేక నాగార్జునసాగర్ నిండలేదు. డెల్టా కాలవలకి నీళ్ళు చాల్లేదు. చివరి భూముల రైతులు డ్రెయిన్లలో ఇంజన్లు పెట్టి, డీజిలు పోసి పైరుని బతికించుకున్నారు. బావ మూడెకరాలూ అలా బతికినవే. ఇది గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగింది అర్థమవుతుంది: నీళ్ళు లేక చావబోయి బతికిన పైరు మీదికి, కోత రోజున నీళ్ళొచ్చాయి.

విజయవాడ దాటి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. అక్కణ్ణుంచి గాలి మారింది. వాన పైనుంచి పడడం మానేసి ఎడమ కిటికీని కొట్టడం మొదలుపెట్టింది. చెరకు తోటలు ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి. తాటిచెట్ల మట్టలన్నీ ఒకే దిక్కుకి తిరిగి, దువ్విన జుట్టులా వెనక్కి పోతున్నాయి. ఎదురొచ్చే బళ్ళు లేవు. ఉన్నవన్నీ ధాన్యం ట్రాక్టర్లే. డ్రైవరు పక్కన ఒకరు, లోడు మీద బరకం అంచులు పట్టుకుని ముగ్గురు. ఆ ముగ్గురూ తడుస్తూనే ఉన్నారు. ధాన్యం తడవకూడదని వాళ్ళు తడుస్తున్నారు.

బందరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మంగినపూడి వైపు పోనివ్వలేదు. పోలీసులు అడ్డం కట్టారు. టీ కొట్టు దగ్గర పదో నంబరు గురించే మాటలు. రేవుల్లో ఎక్కించే ఆ సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఎనిమిదంటే తుపాను రేవుని తన ఎడమ పక్కన ఉంచి దాటుతుందని, తొమ్మిదంటే కుడి పక్కన ఉంచి అని, పదంటే రేవు మీదుగానో దానికి బాగా దగ్గరగానో అని. పదకొండు ఎక్కించారంటే కబురు చెప్పే కేంద్రంతోనే సంబంధం తెగిపోయిందన్నమాట. బందరు జనం ఈ లెక్కని ఎక్కాల్లా అప్పజెబుతారు. చెప్పాలి కూడా. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ఈ పట్నం చుట్టుపక్కల ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు కొట్టుకున్నంత పేరున్న రేవు ఆ తర్వాత మళ్ళీ ఆ స్థాయికి రాలేదు.

అత్తయ్యకి డెబ్బై దాటాయి. పుట్టిల్లు నాగాయలంక పక్కన, మా నాన్నగారి ఊరే. మమ్మల్ని చూసి, “ఈ వానలో ఎందుకొచ్చార్రా?” అని కోప్పడి, వెంటనే అన్నం పెట్టింది. కరెంటు పోయింది. బయట గాలి హోరు. అత్తయ్య తలుపు గడియ వేసిందో లేదో రెండుసార్లు చూసుకుంది. నేను అడగలేదు. ఆవిడే మొదలుపెట్టింది.

1977 నవంబరు 19 శనివారం. పురుటికి పుట్టింటికి వచ్చిన అత్తయ్య ఒళ్ళో అప్పటికి నెలల పిల్ల. పొద్దుటినుంచీ గాలి. రేడియోలో తుపానని చెప్పారు గానీ, ఏ ఊరి మీదికొస్తుందో, ఎటు పోవాలో, ఎలా పోవాలో చెప్పేవాడు లేడు. చీకటి పడుతుండగా నీళ్ళు వచ్చాయట. “వాన నీళ్ళనుకున్నాం. నోట్లోకి పోయాక ఉప్పగా ఉంది. అప్పుడు తెలిసింది,” అంది. మా తాతయ్య పిల్లని గుడ్డలో మూటగట్టి దూలానికి కట్టాడు. మట్టిగోడలు కరిగి కింద పడుతుంటే, ఆ దూలాన్ని పట్టుకుని అటకమీద తెల్లవార్లూ ఉన్నారు. తెల్లారి చూస్తే పక్కిల్లు లేదు. ఆ పక్కది లేదు. ఊరి పేరు మిగిలింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరగ్రామాల్లో ఎందరో కొట్టుకుపోయారు. సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి పల్లపు దివిసీమ మీదుగా మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్ళు పదివేల మంది. ఆ లెక్కని దివిసీమలో ఎవరూ నమ్మరు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి చందాలు పోగుచేసింది ఈ ఉప్పెనకే. అత్తయ్యకి అవేవీ పెద్దగా గుర్తులేవు. శవాలు కాల్చిన వాసన గుర్తుంది. చాన్నాళ్ళు అన్నం సయించలేదంది.

ఆ పిల్లే ఇప్పుడు బందరు వదిన. దీపం పట్టుకుని అమ్మ పక్కన నిలబడి, తన కథే అయినా తనకి తెలియని కథని మళ్ళీ వింటోంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. 1990 మే 9న దాదాపు అంతటి తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. పోయినవాళ్ళు వెయ్యిలోపు. పదమూడేళ్ళలో అంత మార్పు ఎలా వచ్చిందంటే, ఈ మధ్యలో తీరం పొడుగునా తుపాను రక్షణ భవనాలు లేచాయి. వాతావరణ శాఖ ముందే చెప్పింది, లక్షలమందిని ముందే తరలించారు. మిచౌంగ్ నాటికి ఆ పని ఇంకా నేర్పుగా జరిగింది. మాకు ఫోనుల్లో గంటగంటకీ హెచ్చరికలు. సచివాలయం వాళ్ళు వీధివీధీ తిరిగి గర్భిణుల్నీ ముసలివాళ్ళనీ ముందే ఆసుపత్రులకీ బడులకీ చేర్చారు. అత్తయ్య తరానికి లేని భరోసా ఇది. తుపానులో మనుషుల్ని దక్కించుకోవడం మనం నేర్చుకున్నాం. ఇది చిన్న సంగతి కాదు. ఈ ప్రయాణమంతా నాకు ఆ గర్వం ఒక పక్కా, రోడ్డు మీద చూసింది ఇంకో పక్కా ఉన్నాయి.

మంగళవారం తెల్లవారుజామున గాలి కాస్త సద్దుకున్నట్టు కనిపించింది. తుపాను మధ్యాహ్నానికి బాపట్ల దగ్గర దాటుతుందంటున్నారు. ఈలోపు కృష్ణ దాటితే చాలని బావ పట్టుదల. 216వ నంబరు జాతీయ రహదారి కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, బందరు మీదుగా రేపల్లె, బాపట్ల, చీరాల తాకుతూ ఒంగోలు పోతుంది. పేరుకి తీరం రోడ్డే గానీ సముద్రం ఎక్కడా కనపడదు. కనపడేది వరి. రెండువైపులా వరి. చల్లపల్లి దాటేదాకా మేం చూసిన దృశ్యం ఒకటే. రోడ్డు మార్జిన్ల నిండా ధాన్యం రాశులు. పొలంలో ఆరబెట్టే చోటు లేక, కళ్ళాలు లేక, డెల్టా రైతుకి ఎత్తుగా పొడిగా దొరికే జాగా జాతీయ రహదారి ఒక్కటే. రాశి మీద బరకం. బరకం అంచుల మీద రాళ్ళు, పాత టైర్లు, ఇసుక బస్తాలు. అవీ చాలక మనుషులు.

ఒకచోట ఆగాం. భార్యాభర్తలిద్దరూ రాశికి చెరో కొసన, బరకం అంచుని ఒంటికింద వేసుకుని పడుకుని ఉన్నారు. గాలి వచ్చినప్పుడల్లా బరకం బుస్సున పొంగుతోంది. వాళ్ళు ఇంకా నేలకి అదుముకుంటున్నారు. మేం కారులోంచి దిగి రెండు రాళ్ళు మోసుకొచ్చి పెట్టాం. ఆయన లేవకుండానే, “ఆ మూల పెట్టండి బాబూ, అక్కడ చిరిగింది,” అన్నాడు. చిరుగులోంచి చెయ్యి పెట్టి చూశాను. పైపొర చల్లగా, జిగటగా ఉంది. లోపల చెయ్యి పెడితే వేడి. తడి ధాన్యం రాశి పోస్తే లోపల వేడెక్కుతుంది. వేడెక్కితే గింజ రంగు మారుతుంది. రంగు మారితే మిల్లువాడు కొనడు. కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతం దాటకూడదు. ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలు 2,183 రూపాయలు, డెబ్బై అయిదు కిలోల బస్తాకి 1,637. ఆ ధర పదిహేడు శాతానికే. అంతకు పైబడితే దళారి చెప్పిందే ధర. ఆ చలిలో వాళ్ళిద్దరూ ఒళ్ళు అడ్డంపెట్టింది ఆ ఒక్క అంకె కోసం.

మోపిదేవి గుడి ముందు ఒక్క బండి లేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ వెడల్పు చూస్తే గుండె ఝల్లుమంది. ఈ వంతెన రాకముందు ఇక్కడ లాంచీల మీద దాటేవాళ్ళం. నా చిన్నప్పుడు రేపల్లె బంధువుల పెళ్ళికి పోతే, ఏరు బాగోలేదంటే పెళ్ళి ముహూర్తం దాటిపోయేది. ఇప్పుడు పెనుమూడి ఒడ్డు దాకా పొడుగాటి వంతెన. మధ్యకి వచ్చేసరికి ఈశాన్యం నుంచి గాలి కారుని మొత్తంగా ఒక పక్కకి జరిపింది. బావ స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, “మాట్లాడకు,” అన్నాడు. నేను మాట్లాడ్డంలేదు. కింద ఏరు ఎర్రగా, అలలు ఎదురు తిరిగి పైకి పోతున్నాయి. సముద్రం పోటు మీద ఉంది. ఆ పోటు సంగతి తర్వాత పొలంలో అర్థమైంది.

ఊళ్ళోకి చేరిన గంటకి చెట్లు పడడం మొదలైంది. కౌలురైతు ఇంట్లోనే ఉన్నాం. రేకుల షెడ్డు పక్కన రెండు గదుల డాబా. గేదెల్ని విప్పి వదిలేశాడు. కట్టేసి ఉంచితే షెడ్డు మీద పడితే చస్తాయని. అతని తండ్రి, ఎనభై దాకా ఉంటాయి, అరుగు మీద గొంగళి కప్పుకుని కూర్చుని గాలి దిక్కు చెబుతున్నాడు. “ఇంకా ఈశాన్యమే. ఇప్పుడు తూర్పుకొచ్చింది.” మేం ఉన్న చోటు తుపాను దాటే చోటికి ఈశాన్యాన ఉంది. అలాంటి చోట గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి, తూర్పు నుంచి ఆగ్నేయానికి తిరుగుతూ పోతుంది. ఆ ముసలాయనకి ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. “దక్షిణానికి తిరిగిందంటే దాటిపోయినట్టే,” అన్నాడు. మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య బాపట్లకి దగ్గర్లో, గంటకి తొంభై నుంచి వంద కిలోమీటర్ల గాలితో తుపాను తీరం దాటిందని తర్వాత వాతావరణ శాఖ చెప్పింది. మేం ఉన్నచోట దక్షిణపు గాలి సాయంత్రం తగిలింది. ముసలాయన గొంగళి తీసేసి, “అయిపోయింది. ఇక పొలం చూడాల,” అన్నాడు.

ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదు. అరటి తోటలు పడిపోయాయని లంక గ్రామాల నుంచి ఫోన్లు. చీరాల నుంచి ఇంకో కబురు.

పొద్దున్నే పొలానికి వెళ్ళాం. రోడ్డు మీంచి చూస్తే పొలం లేదు. తెల్లటి నీళ్ళు, అందులో అక్కడక్కడా గట్ల వీపులు. నిలబడిన రెండెకరాలూ పడమటి వైపుకి చాపచుట్టి పడిపోయింది. వెన్నులన్నీ నీళ్ళలో ఉన్నాయి. కోసిన ఎకరం పనలు ఉన్నచోట లేవు, గట్టుకి కొట్టుకొచ్చి కుప్పలుగా చేరాయి. కౌలురైతు మోకాళ్ళలోతు దిగి ఒక పన పైకెత్తి, ఒక వెన్ను తుంచి అరచేతిలో నలిపి మాకు చూపించాడు. గింజ ఉబ్బి ఉంది. ముక్కు దగ్గర పొట్టు సన్నగా చీలి తెల్లటి మొన కనపడుతోంది. వాన ఆదివారమే మొదలైంది కదా, కోసిన గింజ మూడురోజులు తడిలో ఉంటే మొలకెత్తకేం చేస్తుంది? ఆయన ఆ గింజల్ని పారెయ్యలేదు. పంచె కొంగులో వేసుకున్నాడు.

పిల్లలిద్దరు గట్టుకి గండికొట్టి నీళ్ళు బోదెలోకి వదలాలని చూస్తున్నారు. బోదెలో నీళ్ళు పొలం కంటే ఎత్తులో ఉన్నాయి. బోదె పోయి కలిసే మురుగు డ్రెయిను గుర్రపుడెక్కతో, తూటికాడతో కప్పుకుపోయి ఉంది. దానికి తోడు సముద్రం పోటు మీద ఉంటే డ్రెయిన్లు లాగవు, ఉప్పునీరు ఎగదన్నుతుంది. వంతెన మీద ఎదురెక్కుతున్న అలల అర్థం అదే. డెల్టాలో పంట వాన పడ్డప్పుడు పోదు. పడ్డ నీరు పోయే దారి లేక, రెండో రోజు, మూడో రోజు పోతుంది. తుపాను ఆపలేం. కానీ డ్రెయిను వేసవిలో తవ్వించడం, గుర్రపుడెక్క తీయించడం మన చేతిలో పనే. జూన్‌లోనే కాలవలకి నీళ్ళిస్తే పంట నవంబరు తుపానులకి ముందే ఇల్లు చేరుతుందన్నదీ కొత్త సంగతి కాదు. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీళ్ళు ప్రకాశం బ్యారేజీకి తెచ్చింది చాలావరకు అందుకే. నాట్లు ఆలస్యమైన ఏడు కోత నేరుగా తుపాను నోట్లోకి పోతుంది. 2023 అలాంటి ఏడు.

ఆ మధ్యాహ్నం రోడ్లు తెరిచారని విని బాపట్ల దాకా వెళ్ళాం. కర్లపాలెం దారంతా కరెంటు స్తంభాలు పొలాల్లోకి ఒరిగి ఉన్నాయి. యువకులు గొడ్డళ్ళతో చెట్లు కొట్టి దారి చేస్తున్నారు. ఎవరూ పిలిస్తే వచ్చినవాళ్ళు కాదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నాటిది. అక్కడి వరి పరిశోధన కేంద్రంలోంచి 1986లో బయటికొచ్చిన రకమే బీపీటీ 5204, మనం సాంబమసూరి అని తినే బియ్యం. పేరులోని ఆ మూడక్షరాలూ బాపట్లవే. నూట యాభై రోజుల పంట అది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో కోచింగ్ పిల్లలు తినే అన్నం, నేను పుట్టినప్పటినుంచీ తింటున్న అన్నం. ఆ అన్నం ఊరి మీదనే తుపాను కాలుపెట్టింది. కాలేజీ గోడ పక్కన నిలబడి చూస్తే అటూ ఇటూ నేలమట్టమైన చేలే. నాకు కడుపులో తిప్పినట్టయింది.

చీరాలలో బావ స్నేహితుడు నేతన్న. రాత్రి ఫోను చేసింది ఆయనే. వాళ్ళది గుంట మగ్గం. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని తొక్కుడుచెక్కలు తొక్కుతూ నేస్తాడు. నేలలోంచి నీరు ఊరి గుంట నిండిపోయింది. ఆయనా వాళ్ళమ్మాయీ గిన్నెలతో తోడుతున్నారు, మళ్ళీ ఊరుతోంది. మగ్గం మీద సగం నేసిన చీర, పడుగు చెమ్మకి బిగుసుకుపోయింది. గుంట ఆరి, పడుగు ఆరి మళ్ళీ కూర్చోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాలకి కూలీ లేదు. తుపాను నష్టం రాసుకునే వాళ్ళ కాగితంలో మునిగిన గుంటకి గడి ఉంటుందేమో గానీ, పోయిన పనిదినాలకి గడి ఎక్కడుంది? మేం ఎక్కువసేపు కూర్చోలేదు. వాళ్ళకి తోడుకునే పనుంది.

తిరిగి ఊరికి వచ్చేసరికి రైతు భరోసా కేంద్రం కుర్రాడు నష్టం రాసుకోవడానికి ముందస్తుగా తిరుగుతున్నాడు. మూడో వంతు మించి పంట పోతే పెట్టుబడి రాయితీ వస్తుంది. నీటివసతి ఉన్న పంటకి కేంద్రం అప్పటి నిబంధనల ప్రకారం హెక్టారుకి 17,000 రూపాయలు, అంటే ఎకరాకి ఏడువేలకి కాస్త తక్కువ. కౌలురైతు ఎకరాకి ముప్పైవేలు పైగా పెట్టాడు. పన్నెండు బస్తాల కౌలు వేరే. ఆ ఏడువేలైనా ఎవరికి వస్తాయని అడిగాను. కుర్రాడు టాబ్‌లో పంట నమోదు చూసి, “ఈ-క్రాప్‌లో మీ బావగారి పేరే ఉందండి. సాగుదారు పత్రం లేదు కదా,” అన్నాడు. కౌలురైతు ఏమీ అనలేదు. గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన భార్య మాత్రం నెమ్మదిగా, “పోయినేడు అడిగామండి అన్నగారిని. ఈసారి చూద్దామన్నారు,” అంది.

బావ చెడ్డవాడు కాదు. ఆయన భయం వేరు. సంతకం పెడితే రేపు భూమి తమదంటారేమోనని హైదరాబాదులో పక్కవాళ్ళు చెబితే నమ్మాడు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ పత్రం పదకొండు నెలలకే. భూమి మీద హక్కు రాదు. పంట మీద మాత్రమే. బ్యాంకు పంట రుణం, బీమా, నష్టపరిహారం ఆ కాగితం ఉంటే కౌలురైతు పేర వస్తాయి. అయితే భూయజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే ఆ కాగితం పుడుతుంది. చట్టానికి అదే పెద్ద లోటని రైతు సంఘాలు మొదటినుంచీ అంటూనే ఉన్నాయి. నాకూ అదే అనిపిస్తుంది. నీళ్ళలో దిగి నష్టం మోసేవాడి పేరు కాగితం మీదికెక్కాలంటే ఏసీ గదిలో ఉన్నవాడి దయ కావాల్సి రావడం న్యాయం కాదు. కానీ చట్టం మారేదాకా ఆ సంతకం మన చేతుల్లోనే ఉంది.

అద్దంకి మీదుగా నార్కట్‌పల్లి రోడ్డున తిరిగి వచ్చాం. మిర్యాలగూడ దగ్గర రైసుమిల్లుల ముందు ధాన్యం లారీల వరస. వాటిమీదా బరకాలే. దారిలో బావ పెద్దగా మాట్లాడలేదు. పరిహారం డబ్బు ఖాతాలో పడ్డాక మొత్తం కౌలురైతుకి పంపించాడు, ఆ ఏడు కౌలు బస్తాలు అడగలేదు. తర్వాతి సార్వాకి ముందు ఊరెళ్ళి, సచివాలయంలో వీఆర్వో ముందు సంతకం పెట్టి వచ్చాడు.

గడ్డిఅన్నారంలో, కొత్తపేటలో, వనస్థలిపురంలో, అసలు హైదరాబాదంతటా డెల్టాలో రెండెకరాలో అయిదెకరాలో ఉండి కౌలుకిచ్చిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇది చదువుతున్న మీరు వాళ్ళలో ఒకరైతే, వచ్చే తుపాను పేరు టీవీలో వినపడకముందే, సార్వా నాట్ల నాటికే మీ కౌలురైతుకి ఫోను చేయండి. ఈ-క్రాప్‌లో ఎవరి పేరుందో అడగండి. సాగుదారు పత్రం మీద సంతకం పెట్టి రండి. మీ భూమి ఎక్కడికీ పోదు.